మానిటర్ తెర నల్లబడిందా? బ్యాక్‌లైట్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా

పవర్ బటన్ దగ్గర లైటు వెలుగుతోంది, కంప్యూటర్ నుంచి చప్పుళ్లు వినిపిస్తున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. లేదా ఆన్ చేయగానే రెండు సెకన్లు బొమ్మ కనబడి ఠక్కున ఆరిపోతోంది. "ప్యానెల్ పోయినట్టేనా? కొత్తది కొనాలా?" అని చాలామంది అడుగుతూనే ఉన్నారు. తొందరపడి కొనకండి. ఎల్‌సీడీ గాజుకు సొంత వెలుగు ఉండదు. వెనకనుంచి వచ్చే వెలుగును ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో చూసుకోవడమే దాని పని. వెనక దీపం ఆరితే గాజు మీద బొమ్మ ఉన్నా కంటికి ఆనదు. ఆ దీపం ఆరడానికి కారణం చాలాసార్లు పవర్ బోర్డు మీదే దొరుకుతుంది. అందుకే మొదటి షరతు ఇది: కొలిచి చూడకుండా ప్యానెల్ విప్పొద్దు, పార్టులు కొనొద్దు.

ఇక్కడ చెప్పేదంతా 17 నుంచి 24 అంగుళాల మామూలు మానిటర్ల గురించి. సుమారు 2010కి ముందు వచ్చినవాటిలో చాలావరకు సన్నటి సీసీఎఫ్‌ఎల్ ట్యూబులు (ఒకరకం ఫ్లోరసెంట్ దీపాలు), వాటికి హై వోల్టేజీ ఇచ్చే ఇన్వర్టర్ ఉంటాయి. తరవాత వచ్చినవాటిలో అంచున ఎల్‌ఈడీ పట్టీ, దాన్ని నడిపే డ్రైవర్ సర్క్యూట్ ఉంటాయి. వారంటీ ఉన్న మానిటర్‌నీ, వంపు తెర మానిటర్‌నీ ఇంట్లో విప్పకండి.

విప్పేముందు టార్చి పరీక్ష

గది చీకటి చేయండి. మానిటర్‌ను కంప్యూటర్‌కు కలిపి ఆన్ చేసి, మొబైల్ టార్చిని తెరకు దగ్గరగా, ఏటవాలుగా పట్టుకోండి. ఐకాన్లో, విండో అంచులో మసగ్గా కనబడితే బొమ్మ వస్తోంది, బ్యాక్‌లైటే పోయింది. కింది పని మీకోసమే. ఏమీ కనబడకపోతే కేబుల్ మార్చి, ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూడండి. అప్పటికీ లేకపోతే లోపం మెయిన్ బోర్డులోనో ప్యానెల్‌లోనో ఉంది, దానికి ఈ పద్ధతి పనికిరాదు. తెర మీద గీతలు, గాజు పగుళ్లు ఉంటే అసలు మొదలుపెట్టకండి. బొమ్మ కొంచెం కనబడుతూ బాగా డల్‌గా ఉంటే మెనూలో బ్రైట్‌నెస్ సున్నాకు పడిపోయిందేమో చూసుకోండి. ఈ చిన్న సంగతి చూడకుండానే మానిటర్ విప్పేసేవాళ్లున్నారు.

లక్షణాన్ని బట్టి ఎక్కడ వెతకాలో కొంత తెలుస్తుంది:

- రెండు సెకన్లు వెలిగి ఆరిపోవడం: నీరసించిన కెపాసిటర్లు, లేదా ఒక ట్యూబు గానీ ఒక ఎల్‌ఈడీ వరస గానీ పోవడం. తేడా కనిపెట్టగానే డ్రైవర్ తనను తాను ఆపేసుకుంటుంది.
- అసలు వెలగకపోవడం: ఫ్యూజు, డ్రైవర్‌కు సప్లై, లేదా 'వెలుగు' అని మెయిన్ బోర్డు ఇచ్చే సిగ్నల్.
- వెలుగు ఎర్రగా, గులాబీ రంగులో మొదలవడం: సీసీఎఫ్‌ఎల్ ట్యూబులు అరిగిపోయాయి.
- చల్లగా ఉన్నప్పుడు మినుకుమినుకుమని, వేడెక్కాక కుదురుకోవడం: దాదాపు ఎప్పుడూ కెపాసిటర్లే, లేదంటే పగిలిన సోల్డర్ టాకా.
- ఒక పక్కో, ఒక భాగమో మాత్రమే చీకటి: ఎల్‌ఈడీ పట్టీలో ఒక వరస పోయింది.

కావలసినవి

డయోడ్ మోడ్, 600 వోల్టుల డీసీ రేంజి ఉన్న డిజిటల్ మల్టీమీటర్, 40–60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సోల్డర్ వైర్, ఫ్లక్స్, డీసోల్డర్ పంపు, స్టార్ స్క్రూడ్రైవర్లు, ప్లాస్టిక్ అంచులు విప్పడానికి పాత ఏటీఎం కార్డు, 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్ ఒకటి, రెండు చివరలా ఇన్సులేషన్ వైరు కట్టి, కాప్టాన్ టేపు (వేడి తట్టుకునే ఇన్సులేషన్ టేపు), మెత్తటి దుప్పటి. ప్యానెల్ విప్పాల్సివస్తే పౌడర్ లేని గ్లవ్స్, చేత్తో నొక్కే ఎయిర్ బ్లోయర్.

సిరీస్ బోర్డు కూడా ఒకటి కట్టుకోండి: 60 వాట్ల పాతకాలం ఫిలమెంట్ బల్బును ఫేజ్ వైరులో వరసగా పెట్టి, దాని తరవాత ప్లగ్ సాకెట్. రిపేరు తరవాత మొదటిసారి కరెంటు దీని ద్వారానే ఇవ్వాలి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు.

పార్టులు హైదరాబాద్‌లోనైతే కోఠి గుజరాతీ గల్లీలో విడిగా దొరుకుతాయి. ఏ ఊళ్లోనైనా టీవీ మెకానిక్కులు కొనే షాపులో అడగండి, కంప్యూటర్ షాపులో కాదు.

మొదటి భాగం: పవర్ బోర్డు

1. ప్లగ్ తీసి పది నిమిషాలు ఆగండి. మానిటర్‌ను దుప్పటి మీద బోర్లా పెట్టి స్టాండు విప్పండి. ఏటీఎం కార్డును ముందు ఫ్రేముకూ వెనక కవరుకూ మధ్య దూర్చి, కింది అంచునుంచి మొదలుపెట్టి క్లిప్పులు ఒక్కొక్కటే వదిలించండి. బటన్ల బోర్డు తీగ కింద కుడివైపునో మధ్యనో ఉంటుంది. లాగేస్తే తెగుతుంది.

2. బోర్డుల్ని కప్పి ఉండే రేకు పెట్టెను ఎత్తేముందు దాని పక్కనుంచి ప్యానెల్‌కు వెళ్లే బ్యాక్‌లైట్ కనెక్టర్లు ఊడదీయండి. ప్రతి కనెక్టర్‌నూ తీసేముందు ఫోటో తీసుకోండి.

3. రేకు లోపల సాధారణంగా రెండు బోర్డులుంటాయి. 230 వోల్టుల సాకెట్ దగ్గరున్నది పవర్ బోర్డు, రెండోది మెయిన్ బోర్డు. దాని మీద అన్నిటికన్నా పెద్ద కెపాసిటర్, 400 లేదా 450 వోల్టులని రాసి ఉన్నది, ప్రాణం తీయగలదు. కరెంటు ఉన్నప్పుడు అందులో సుమారు 325 వోల్టుల డీసీ నిలుస్తుంది, ప్లగ్ తీశాక కూడా మిగిలి ఉండొచ్చు. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ పట్టుకుని దాని రెండు కాళ్లకు పది సెకన్లు తాకించండి. తరవాత మీటరుతో కొలవండి. 5 వోల్టుల కన్నా తక్కువ చూపిస్తేనే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు మంచిది కాదు. నిప్పురవ్వ ఎగిరి ట్రాక్ కాలుతుంది, కంటికీ ప్రమాదం. 12 లేదా 19 వోల్టుల బయటి అడాప్టర్‌తో నడిచే మానిటర్లో ఈ పెద్ద కెపాసిటర్ ఉండదు.

4. ఇప్పుడు చిన్న కెపాసిటర్లు చూడండి. పైభాగం చదునుగా ఉండాలి. వేలితో తడిమితే ఉబ్బు తెలుస్తుంది. 470, 680, 1000 మైక్రోఫారాడ్లు, 16 లేదా 25 వోల్టులు అని రాసి, హీట్‌సింక్‌కు ఆనుకుని ఉండేవి ముందు చెడతాయి, అక్కడ వేడి ఎక్కువ కాబట్టి. కింద గోధుమరంగు జిగురు కనబడితే అది ఫ్యాక్టరీలో వేసిన జిగురు కావచ్చు. పైన ఉబ్బి, గీతల దగ్గర చెమ్మ కారితే మాత్రం చెడిందనే అర్థం.

ఉబ్బలేదంటే బాగున్నట్టు కాదు. లోపలి ద్రవం ఎండి ఈఎస్‌ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం) పెరిగిన కెపాసిటర్ పైకి కొత్తదానిలాగే ఉంటుంది, మల్టీమీటర్ కెపాసిటెన్స్ రేంజిలో సరైన అంకెనే చూపించొచ్చు. బ్యాక్‌లైట్ కరెంటు లాగగానే దాని వోల్టేజీ కుంగి డ్రైవర్ ఆగిపోతుంది. కాబట్టి ఒకటి ఉబ్బితే ఆ సెకండరీ వైపు (ట్రాన్స్‌ఫార్మర్ తరవాత, తక్కువ వోల్టేజీ ఉండే వైపు) ఉన్న నాలుగైదిటినీ కలిపి మార్చేయండి. ఒక్కోటి పది ఇరవై రూపాయల వస్తువు, మళ్లీ విప్పే శ్రమ ముందు లెక్కలోది కాదు.

5. కొనేటప్పుడు మూడు చూసుకోండి. మైక్రోఫారాడ్లు అంతే ఉండాలి. వోల్టులు అంతే లేదా ఎక్కువ ఉండాలి, తక్కువ ఎప్పుడూ వద్దు. 105 డిగ్రీలది, 'లో ఈఎస్‌ఆర్' రకానిది కావాలి. మామూలు 85 డిగ్రీలది పెడితే కొన్నాళ్లు నడిచి మళ్లీ అదే జబ్బు. ఎత్తు కూడా కొలుచుకెళ్లండి. పొడవు ఎక్కువైతే రేకు మూత పడదు.

6. పాతది తీయడానికి కాళ్లకు ముందు కొంచెం కొత్త సోల్డర్ అంటించండి, పాత సోల్డర్ తేలిగ్గా కరుగుతుంది. ఒక కాలు వేడిచేసి కొంచెం వంచండి, ఇంకో కాలు వేడిచేసి ఇటు వంచండి, అలా నడిపిస్తూ బయటికి తీయండి. బలంగా లాగితే బోర్డు మీది రాగి చక్రం ఊడొస్తుంది. ఈ పనిలో జరిగే పెద్ద నష్టం ఇదే. ఊడితే ఆ ట్రాక్ వెళ్లే తరవాతి టాకా దాకా సన్నటి వైరు వేయాలి.

7. కొత్తది పెట్టేటప్పుడు మైనస్ వైపు సరిచూసుకోండి. కెపాసిటర్ ఒంటిమీద తెల్లటి లేదా లేతరంగు చార ఉన్న కాలు మైనస్. బోర్డు మీద సాధారణంగా రంగు నింపిన అర్ధచంద్రం వైపు మైనస్, కానీ అన్ని బోర్డుల మీదా కాదు. అందుకే పాతది తీసేముందే చార ఎటుందో ఫోటో తీసుకోవాలి. తిరగేసి పెట్టినది పేలుతుంది.

8. అదే చేత్తో భూతద్దం పెట్టి టాకాలు చూడండి. కనెక్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్, కాయిల్ కాళ్ల చుట్టూ సన్నటి ఉంగరంలా పగులు కనబడితే ఫ్లక్స్ రాసి మళ్లీ సోల్డర్ కరిగించండి.

రెండో భాగం: వోల్టేజీ కొలవడం

ఇది కరెంటు ఉండగా చేసే పని, కాబట్టి ఊడదీసిన కనెక్టర్లు ముందు మళ్లీ పెట్టండి. చెక్క లేదా ప్లాస్టిక్ బల్ల మీద, చెప్పులేసుకుని, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని చేయండి. నల్ల ప్రోబ్‌ను మెయిన్ బోర్డు గ్రౌండుకు క్రొకడైల్ క్లిప్పుతో బిగించి, ఎర్రదాన్నే కదపండి. పవర్ బోర్డు సాకెట్ వైపు సగం ముట్టుకోవద్దు, అక్కడి హీట్‌సింక్ కూడా ప్రమాదమే. సీసీఎఫ్‌ఎల్ ట్యూబులకు వెళ్లే కనెక్టర్ మీద ప్రోబ్ అసలు పెట్టొద్దు. వెలిగే క్షణంలో అక్కడ వెయ్యి వోల్టులు దాటుతుంది, మీటరు పోతుంది.

9. రెండు బోర్డుల మధ్య తీగల దగ్గర పిన్నుల పేర్లు ముద్రించి ఉంటాయి. 5 వోల్టుల లైను, 12 నుంచి 19 వోల్టుల మధ్య ఇంకో లైను, గ్రౌండు, 'ఆన్' లేదా 'ఈఎన్ఏ' అనే సిగ్నల్ (బ్యాక్‌లైట్‌కు 'వెలుగు' అని మెయిన్ బోర్డు ఇచ్చేది ఇదే), 'డిమ్' లేదా 'ఏడీజే' అనే బ్రైట్‌నెస్ సిగ్నల్. మానిటర్ ఆన్ చేసి 'ఈఎన్ఏ' మీద కొలవండి. 2 వోల్టులకు పైన, ఎక్కువగా 3.3 లేదా 5 రావాలి.

- సప్లై, ఈఎన్ఏ రెండూ ఉన్నా వెలుగు లేకపోతే: డ్రైవర్, ఇన్వర్టర్, లేదా దీపాలు.
- ఈఎన్ఏ రాకపోతే: మెయిన్ బోర్డు. టార్చిలో బొమ్మ కనబడుతూ ఈఎన్ఏ లేకపోవడం అరుదు.
- దీపం వెలగబోయే క్షణంలో 12–19 వోల్టుల లైను రెండు మూడు వోల్టులు కుంగితే: కెపాసిటర్లు. మళ్లీ మొదటి భాగానికి వెళ్లండి.
- ఆ లైనే లేకపోతే: దారిలోని ఫ్యూజు చూడండి.

10. ఫ్యూజు మీద సున్నా ఓమ్‌లు రావాలి. పోయి ఉంటే వైరు ముక్కతో అతికించకండి. ఊరికే పోదు. దాని వెనక స్విచింగ్ ట్రాన్సిస్టర్ గానీ మాస్‌ఫెట్ గానీ షార్ట్ అయి ఉంటుంది. కరెంటు తీసి, కాళ్ల మధ్య డయోడ్ మోడ్‌లో రెండు దిక్కులా కొలవండి; రెండువైపులా సున్నాకు దగ్గరగా బీప్ వస్తే అనుమానించండి, ఆ పార్టును బోర్డు నుంచి తీసి మళ్లీ కొలిచి ఖాయం చేసుకోండి. అదే నంబరుది వేసి, ఫ్యూజు అదే ఆంపియర్లది పెట్టండి.

11. సీసీఎఫ్‌ఎల్ ఇన్వర్టరైతే ట్యూబు కనెక్టర్లు తీసి, కరెంటు లేకుండా, ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ కాళ్ల మధ్య ఓమ్‌లు కొలవండి. కొన్ని వందలనుంచి వెయ్యి పైచిలుకు దాకా ఉండొచ్చు. అంకె ఎంతన్నది కాదు, బోర్డు మీది ట్రాన్స్‌ఫార్మర్లన్నీ దాదాపు ఒకేలా చూపించాలి. ఒకటి తేడా కొడితేనో, లోపల తీగ తెగి ఓపెన్ అయితేనో దొంగ దొరికినట్టే.

12. ఎల్‌ఈడీ రకమైతే పట్టీ కనెక్టర్ దగ్గర ప్లస్ పిన్ను మీద డీసీ వోల్టేజీ చూస్తూ ఆన్ చేయండి. సప్లై ఎంతుందో అంతే చూపిస్తే డ్రైవర్ పనే మొదలుపెట్టలేదు. ఒక్కసారిగా పైకి ఎగిరి పడిపోతే పట్టీలో ఏదో వరస తెగింది. డ్రైవర్ కరెంటు వెతుక్కుంటూ వోల్టేజీ పెంచి, హద్దు దాటగానే ఆగిపోతోంది.

దీన్ని ఖాయం చేసుకోవాలంటే టీవీ మెకానిక్కులు వాడే ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్ టెస్టర్ కావాలి. మల్టీమీటర్ డయోడ్ మోడ్ పదికి పైగా ఎల్‌ఈడీలున్న వరసను వెలిగించలేదు. టెస్టర్ ప్లస్‌ను ఉమ్మడి పిన్నుకు, మైనస్‌ను మిగతా పిన్నులకు ఒక్కొక్కదానికి పెట్టండి. అన్ని వరసలూ వెలిగి, వోల్టేజీ ఒకేలా చూపించాలి. ఆ టెస్టర్ కొసల మధ్య లోడు లేనప్పుడు 300 వోల్టుల దాకా ఉంటుంది. లోహం కొన ముట్టుకోకండి.

వరసలన్నీ వెలిగితే ప్యానెల్ విప్పే పని లేదు, డ్రైవర్‌నే చూసుకోండి. ఒకటి వెలగకపోతే మూడో భాగం తప్పదు.

మూడో భాగం: ప్యానెల్ విప్పి దీపం మార్చడం

ఇక్కడ ఒక్క పొరపాటు జరిగితే మానిటర్ చేజారుతుంది. ఫ్యాన్లు ఆపండి, తలుపులు మూయండి, నేల తడిగుడ్డతో తుడవండి. ఒక్క దుమ్ముకణం లోపల పడితే తెర మీద చుక్కై రోజూ కనబడుతుంది. 21 అంగుళాలు దాటితే పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉండాలి.

13. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీది నంబరు రాసుకోండి, 'ఎల్‌ఎం215డబ్ల్యూఎఫ్3' తరహాలో ఉంటుంది. పట్టీ కొనాల్సింది ఈ నంబరుతోనే. ఒకే మోడల్ మానిటర్లో వేరువేరు ప్యానెళ్లు రావచ్చు, అందుకే మానిటర్ పేరు చెప్పి తెచ్చిన పట్టీలు సరిపోక వెనక్కి వెళ్తుంటాయి.

14. అల్యూమినియం టేపులు ఒలిచి, చుట్టూ ఉన్న లోహపు చట్రాన్ని క్లిప్పులు వదిలించి తీయండి. గాజు అంచునుంచి పొడవాటి బోర్డుకు సన్నటి ఫిల్ములు అంటుకుని ఉంటాయి. ఇవి మడత పడినా చిరిగినా అతికే మార్గం లేదు, తెర మీద శాశ్వతంగా గీతలు పడతాయి. ఆ బోర్డు స్క్రూలు తీసి, గాజునూ బోర్డునూ కలిపి ఒకే కదలికలో ఎత్తి, శుభ్రమైన గుడ్డ మీద చదునుగా పెట్టి కప్పండి.

15. గాజు కింద మూడో నాలుగో పల్చటి షీట్లు, వాటి కింద మందపాటి అక్రిలిక్ పలక, దాని కింద తెల్ల షీటు. షీట్ల వరసా, ఏ మూల చెవి ఎటుందో ఫోటో తీసి, గుత్తగా ఎత్తండి. వేలిముద్రలు పడనీయొద్దు. వరస మారినా, తిరగబడినా వెలుగు మచ్చలుగా వస్తుంది.

16. ఎల్‌ఈడీ రకమైతే పాత పట్టీని దాని అల్యూమినియం పట్టు మీదనుంచి తీసి, అదే నంబరుది థర్మల్ డబుల్ టేపుతో అంటించండి. ఎల్‌ఈడీ ముఖాలు అక్రిలిక్ అంచుకు ఎదురుగా, సరిగ్గా మధ్యలో పడాలి. ఒక్క మిల్లీమీటరు కిందికి జారినా వెలుగు తగ్గుతుంది. ఒక్క ఎల్‌ఈడీ మాత్రమే పోయి పట్టీ దొరకకపోతే దాన్ని వైరుతో దాటించేవాళ్లున్నారు. ఒకదానికి మించి ఎప్పుడూ చేయొద్దు, అది కూడా తాత్కాలికమే.

17. సీసీఎఫ్‌ఎల్ రకమైతే పాత ట్యూబు కన్నా ఎల్‌ఈడీ కిట్ వేయడమే మేలు. కొలతకు సరిపడే ట్యూబు దొరకడం కష్టం, దొరికినా మిగతా పాతవాటితో వెలుగు కలవదు. ట్యూబుల రేకు గాడిని నెమ్మదిగా జారుస్తూ బయటికి తీయండి. అందులో కొద్దిగా పాదరసం ఉంటుంది. పగిలితే కిటికీలు తెరిచి పావుగంట బయటికి వెళ్లండి. తరవాత ముక్కల్ని అట్టముక్కతో ఎత్తి, నలుసుల్ని జిగురు టేపుతో అద్దండి. చీపురు, వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు. పాత ట్యూబుల్ని కాగితంలో చుట్టి ఈ-వేస్ట్‌లో ఇవ్వండి, చెత్తబుట్టలో కాదు.

మార్కెట్లో దొరికే కిట్‌లో సాధారణంగా 540 మిల్లీమీటర్ల పట్టీలు రెండు, చిన్న డ్రైవర్ బోర్డు, తీగలు ఉంటాయి. అది 24 అంగుళాల దాకా సరిపోతుంది. చదరపు 17 అంగుళాల తెర వెడల్పు సుమారు 338 మిల్లీమీటర్లు, చదరపు 19 అంగుళాలది 376, వైడ్ 22 అంగుళాలది 474. పట్టీని ప్రతి మూడు ఎల్‌ఈడీల తరవాత ఉండే గీత మీదే కత్తిరించండి. మధ్యలో కోస్తే ఆ మూడూ వెలగవు. కొనేముందు రేకు గాడి లోపలి వెడల్పు కొలవండి, 4 మిల్లీమీటర్ల పట్టీ సన్నటి గాడిలో పట్టదు. సోల్డర్ చేసిన చోట కాప్టాన్ టేపు తప్పనిసరి, లేకపోతే రేకుకు తగిలి షార్ట్ అవుతుంది.

18. కిట్ డ్రైవర్ తీగలు నాలుగు. 'విన్' తీగను పవర్ బోర్డులోని 12–19 వోల్టుల లైనుకు కలపండి. డ్రైవర్ మీద రాసిన హద్దులో ఆ వోల్టేజీ ఉందో లేదో ముందే చూసుకోండి. గ్రౌండు గ్రౌండుకు, 'ఈఎన్ఏ' ఈఎన్ఏకు, 'డిమ్' డిమ్‌కు. పాత ఇన్వర్టర్‌కు సప్లై తీసుకెళ్లే ఫ్యూజు తీసేయండి. లేకపోతే అది ట్యూబులు లేవని గ్రహించి మొత్తాన్నీ ఆపేయొచ్చు, దాని హై వోల్టేజీ కూడా అలాగే ఉంటుంది. 'విన్' తీగను ఆ ఫ్యూజుకు ముందువైపు కలపాలి, తరవాతి వైపు కాదు.

బ్రైట్‌నెస్ పెంచితే తగ్గుతూ, తగ్గిస్తే పెరుగుతూ ఉంటే మీ మానిటర్ డిమ్ సిగ్నల్ తిరగబడి ఉంది. తేలికైన దారి డిమ్ తీగను మానిటర్ నుంచి విడదీసి ఈఎన్ఏతో కలపడం. వెలుగు ఎప్పుడూ పూర్తిగా ఉంటుంది, మెనూతో మారదు.

19. గాజు పెట్టకముందే ఒకసారి వెలిగించండి. షీట్లు మాత్రమే పెట్టి, సిరీస్ బోర్డు ద్వారా కరెంటు ఇవ్వండి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే మంచిది. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, వెంటనే ప్లగ్ తీయండి. మెయిన్ బోర్డు గాజు బోర్డుకు కలపకపోయినా 'సిగ్నల్ లేదు' సందేశం ఇచ్చే కొద్ది సెకన్లు బ్యాక్‌లైట్ వెలుగుతుంది. కంప్యూటర్ కేబుల్ పెట్టి ఉంచితే ఆరకుండా ఉంటుంది. వెలుగు పైకీ కిందికీ ఒకేలా పరుచుకుందో చూసి, బ్లోయర్‌తో దుమ్ము ఊది, అప్పుడు గాజు దించండి.

బాగైందని ఎలా తేల్చుకోవాలి

వెలగగానే కవరు బిగించేయకండి. బ్రైట్‌నెస్ నిండుగా పెట్టి రెండు గంటలు వదలండి. 12–19 వోల్టుల లైను మొదట్లో ఎంతుందో చివరికీ దాదాపు అంతే ఉండాలి, అర వోల్టు కన్నా ఎక్కువ తగ్గితే కెపాసిటరో టాకానో ఇంకా మిగిలుంది. ప్యానెల్ అంచు గోరువెచ్చగా ఉండొచ్చు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉండకూడదు. కాలిన వాసన వస్తే ఆపేయండి. తెల్ల బొమ్మ నిండా పెట్టి మచ్చలు, చీకటి రాత్రి నల్ల బొమ్మ పెట్టి అంచుల్లో వెలుగు కారడం చూడండి. ఒక మూల బాగా తెల్లగా కారితే ఆ మూల చట్రం క్లిప్పు సరిగా పడలేదు.

అసలు పరీక్ష మర్నాడు పొద్దున. రాత్రంతా ప్లగ్ తీసి ఉంచి, చల్లబడ్డ మానిటర్‌ను ఆన్ చేయండి. నీరసించిన కెపాసిటర్ వేడిలో నెట్టుకొస్తుంది, చలిలో పట్టుబడుతుంది. పదిసార్లు ఆన్ ఆఫ్ చేసినా ఒక్కసారీ ఆరకపోతే అప్పుడు వెనక కవరు బిగించి, స్క్రూలన్నీ వాటి చోట పడ్డాయో లేదో లెక్కపెట్టుకోండి. మిగిలిన స్క్రూ బోర్డు కింద దొర్లుతూ ఉండకూడదు.